సోమరసం కల్లు కాదు

జానపద సినిమాలో మాంత్రికుడు పొగలు కక్కే రసమేదో పోసిస్తాడు. తాగిన వీరుడు ఒక్క వేటుకి పదిమందిని కూలుస్తాడు. ఆ బొమ్మనే మనం ఇతిహాసాలకీ అతికించేశాం. సోమం తాగబట్టే ఇంద్రుడు వృత్రుణ్ణి చంపాడు, సోమమంటే ఆనాటి సారా, కాబట్టి మన వీరుల పౌరుషమంతా మందులోదే అనేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. గ్లాసు చేతిలో ఉన్నప్పుడు ఈ వాదనకి బలం ఇంకాస్త ఎక్కువ. ఇంద్రుడు సోమం తాగి వృత్రుడి మీదికి వెళ్లాడన్నది ఋగ్వేదం చెప్పే మాటే. తేడా వచ్చేదల్లా ఆ తర్వాతే.

సోమానికీ సురకీ తేడా తెలియాలంటే ఉయ్యూరు చెరకు తోటల వైపు చూస్తే చాలు. గానుగ దగ్గర అప్పటికప్పుడు పట్టి తాగే రసం ఒకటి, అదే చెరకు బెల్లమై, కుండలో పులిసి, బట్టీకెక్కి దిగేది మరొకటి. ఋగ్వేదం తొమ్మిదో మండలంలోని 114 సూక్తాలూ సోమాన్ని గురించినవే. కాడల్ని రాళ్లతో దంచడం, ఉన్ని జల్లెడలో వడకట్టడం, పాలో పెరుగో కలపడం వాటిలో కనిపిస్తాయి. యాగంలో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు సవనాలు. ఏ పూట పిండింది ఆ పూటకే. మాగబెట్టే తీరికే లేదు. సుర అలా కాదు, అది పులియబెట్టేది. మనుస్మృతి చెప్పిన మూడు సురల్లో మొదటిది గౌడి, అంటే బెల్లంతో చేసిందే. అయితే సోమంలో మత్తే లేదా అంటే, లేదనలేం. ‘మదం’ అన్న మాట సూక్తాల్లో పదేపదే వస్తుంది. ఆ మొక్క ఏదన్న దానిపై పండితులకి నేటికీ ఏకాభిప్రాయం లేదు. 1968లో వాసన్ అనే అమెరికన్ అది ఒక జాతి పుట్టగొడుగన్నాడు, ఎఫెడ్రా అన్నవాళ్లూ ఉన్నారు. మన సోమయాజులు యాగాల్లో వాడుతూ వచ్చిన సోమలత మాత్రం ఆకుల్లేని, తుంచితే పాలు కారే తీగ. దాన్ని తాగి తూలినవాళ్లెవరూ లేరు.

ఆ సోమమైనా మోతాదు మీరితే ఏమవుతుందో వైదిక వాఙ్మయమే చెప్పింది. కృష్ణా, గోదావరి తీరాల్లో ఎక్కువగా చదివేది తైత్తిరీయ శాఖే. ఆ సంగతి చెప్పే కథ అందులోనూ ఉంది. కొడుకుని చంపాడన్న కోపంతో త్వష్ట తన సోమయాగానికి ఇంద్రుణ్ణి పిలవలేదు. ఇంద్రుడు పిలవని పేరంటానికి వెళ్లి, బలవంతంగా సోమం లాక్కుని తాగాడు. ఒంట్లో ఇమడలేదు, బలమంతా కారిపోయింది. అశ్వినులూ సరస్వతీ వైద్యం చేస్తే గాని కోలుకోలేదు. సౌత్రామణి యాగానికి మూలం ఇదే. సోమం తాగి కక్కుకున్నవాడి కోసం తైత్తిరీయ సంహితలో విడిగా ఒక ఇష్టి, అంటే చిన్న యాగం, కూడా ఉంది. అంటే దేవతల రాజుకీ తాగుడు పడకపోవచ్చని ఒప్పుకుని, మందు కూడా రాసిపెట్టారన్నమాట.

వీరుల పౌరుషం మందులోది కాదనడానికి గట్టి అభ్యంతరమే ఉంది. భారతం ఉద్యోగపర్వంలో సంజయుడు అంతఃపురానికి వెళ్లేసరికి కృష్ణార్జునులు మధువు తాగే ఉన్నారు. ద్రోణపర్వంలో, యుద్ధం పద్నాలుగో రోజున, పాండవుల పక్షాన ఉన్న యాదవ వీరుడు సాత్యకి మద్యం తాగి, ఎర్రబడ్డ కళ్లతో రథమెక్కి, ద్రోణుడి వ్యూహాన్ని చీల్చుకుని అర్జునుణ్ణి చేరాడు. ఇది దాచాల్సిన పని లేదు. కానీ ఆ పూట కథని అక్కడే ఆపకూడదు. అలసిపోయి కౌరవపక్షపు భూరిశ్రవుడి చేతికి చిక్కిన సాత్యకిని అర్జునుడి బాణం కాపాడింది. చెయ్యి తెగి, అస్త్రాలు వదిలి ప్రాయోపవేశానికి కూర్చున్న భూరిశ్రవుడి తలని, అందరూ వద్దంటున్నా, సాత్యకి నరికాడు. అది మత్తు చేయించిన పనే అని భారతం అనలేదు, నేనూ అనను. అయితే ఆ ఎర్రకళ్ల రోజున వ్యూహం చీల్చిన ఘనతతో పాటు ఈ మచ్చా సాత్యకికే దక్కింది.

ఆ మచ్చ ముప్పై ఆరేళ్ల తర్వాత ప్రభాసతీర్థంలో, యాదవులు తమలో తాము కొట్టుకు చచ్చిన రోజున బయటపడింది. వాళ్లని మునుల శాపమే చంపింది, తాగుడు పాత్ర ఏమీ లేదన్నది రెండో అపోహ. శాపం సంగతి తెలిశాక ద్వారకలో జరిగిన మొదటి పనుల్లో మద్యనిషేధం ఒకటి. ఆహుకుడు, కృష్ణుడు, బలరాముడు, బభ్రువుల పేర సుర కాచేవాణ్ణి బంధువులతో సహా కొరత వేస్తామని చాటించారు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చి 1997లో సడలిన నిషేధం దీని ముందు మెతకే. అంత కఠినమైన చాటింపు కూడా తీర్థయాత్ర పేరుతో ఊరు దాటగానే గాలికిపోయింది. బ్రాహ్మణుల కోసం వండిన అన్నంలో సుర కలిపి కోతులకి పెట్టేదాకా వెళ్లారు. ఆ మత్తులోనే సాత్యకి, యుద్ధం చివరి రాత్రి నిద్రపోతున్నవాళ్లని చంపావని, కౌరవుల వైపు పోరాడిన తోటి యాదవుడు కృతవర్మని దెప్పాడు. కూర్చున్నవాడి తల నువ్వు నరకలేదా అని కృతవర్మ భూరిశ్రవుణ్ణి గుర్తుచేశాడు. సాత్యకి కత్తి దూసి కృతవర్మ తల తీశాడు. పక్కనున్నవాళ్లు ఎంగిలి గిన్నెలతోనే సాత్యకిని కొట్టడం మొదలుపెట్టారు. శాపం వల్ల ముసలంగా, అంటే రోకలిగా, మారిన తుంగ చేతుల్లోకి వచ్చింది ఆ తర్వాతే.