'లెట్': అనుమతించుటా, అడ్డగించుటా?

1611 నాటి కింగ్ జేమ్స్ తర్జుమా నుండి ప్రసంగం సిద్ధపరచుకొనే సేవకులకు 2 థెస్సలొనీకయులకు 2:7లో ఒక చిక్కు ఎదురవుతుంది. అక్కడ 'లెట్' అనే క్రియ రెండుసార్లు వస్తుంది. నేటి ఇంగ్లీషులో దీనికి 'అనుమతించు', 'పోనిచ్చు' అని అర్థం. అలా చదివితే, ధర్మవిరోధ మర్మమును ఎవరో అనుమతిస్తున్నట్లు తేలుతుంది. పౌలు భావం దీనికి పూర్తిగా వ్యతిరేకం.

ప్రాచీన ఇంగ్లీషులో రెండు వేర్వేరు క్రియలు ఉండేవి. 'లాటన్' అంటే విడిచిపెట్టు, అనుమతించు. 'లెట్టన్' అంటే ఆలస్యపరచు, అడ్డగించు. రెండవది 'మందమైన' అనే అర్థంగల విశేషణం నుండి పుట్టింది. నేటి 'లేట్' ఆ విశేషణమే. కాలక్రమంలో రెండు క్రియలూ 'లెట్' అనే ఒకే రూపం పొందాయి.

1611లో రెండు అర్థాలూ వాడుకలో ఉన్నాయి. నిర్గమకాండము 5వ అధ్యాయమే ఇందుకు సాక్ష్యం. 1వ వచనంలో ఇశ్రాయేలీయులను పోనిమ్మని దేవుడు ఆజ్ఞాపించినప్పుడు వాడినది మొదటి 'లెట్'. 4వ వచనంలో మోషే అహరోనులు జనులను పనులు చేయనీయక ఆపుతున్నారని ఫరో నిందించినప్పుడు వాడినది రెండవ 'లెట్'. రోమా 1:13లోను, యెషయా 43:13లోను ఉన్నది ఈ రెండవదే.

ఈ పాత అర్థం నేటికీ పూర్తిగా నశించలేదు. మన భారతీయ పాస్‌పోర్టులోని ఇంగ్లీషు అభ్యర్థనలో 'లెట్' అంటే ఆటంకమే. టెన్నిస్‌లో సర్వ్ చేసిన బంతి వలను తాకి అవతల సరైన చోట పడితే 'లెట్' అంటారు.

మూలభాషను చూస్తే సందేహం తీరుతుంది. 2 థెస్స. 2:7లోని గ్రీకు క్రియ 'కాటెఖో'. ఇక్కడ దాని భావం అడ్డగించుట, నిలిపి ఉంచుట. రోమా 1:13లోని 'కోలువో' అంటే ఆటంకపరచు. 1881 నాటి సవరించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధన ఈ రెండు చోట్లా 'లెట్'ను తొలగించింది. మన తెలుగు బైబిలు కూడా 'అడ్డగించు', 'ఆటంకపరచు' అనే మాటలనే వాడింది.

ఆ అడ్డగించువాడు ఎవరన్నది వేరే చర్చ. అయితే అతనిని అనుమతించువానిగా చేస్తే ఆ చర్చ మొదటి అడుగులోనే దారి తప్పుతుంది. కాబట్టి పాత ఇంగ్లీషు తర్జుమాలో తెలిసిన మాటే కనబడినా, సందర్భాన్ని పరిశీలించి, తెలుగు బైబిలుతోను మూలభాషతోను సరిపోల్చిన తరువాతనే బోధించాలి. తెలియని మాట మనలను నిఘంటువు దగ్గరకు నడిపిస్తుంది. తెలిసిందనుకున్న మాటే మోసపుచ్చుతుంది.