మీ కేసు నంబరు మీ దగ్గరే ఉండాలి

దావా వేసిన మనిషికైనా, దావా తగిలిన మనిషికైనా ఒక నంబరు ఉంటుంది. ఓఎస్ నంబరు, అంటే కోర్టు దావాకు వేసే వరస నంబరు, కాదు నేను చెప్పేది. ఓఎస్ 45 అంటే ప్రతి ఊరి కోర్టులోనూ ఒకటుంటుంది, ప్రతి ఏడూ ఒకటి పుడుతుంది. నేను చెప్పేది సీఎన్ఆర్ నంబరు. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16. మొదటి రెండక్షరాలు రాష్ట్రానివి, తర్వాతి రెండూ జిల్లావి. ఆ పైన రెండంకెలు కోర్టువి, ఆరంకెలు కేసువి, చివరి నాలుగూ సంవత్సరం. ఈకోర్ట్స్ సైట్లో గానీ అదే పేరుతో ఉన్న ఫోన్ యాప్‌లో గానీ ఆ నంబరు కొడితే మీ కేసు తెరుచుకుంటుంది. పైసా కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

నేను కృష్ణా డెల్టాలో ఒక చిన్న ఊరి సివిల్ కోర్టులో ప్లీడర్ని. నా దగ్గరికొచ్చేవి గట్టు తగాదాలు, పంపకాల దావాలు, ప్రోనోటు కేసులు. కక్షిదారులు ముందుగా అడిగేది చట్టం గురించి కాదు, "వాయిదా ఎప్పుడమ్మా?" అనే. ఆ ఒక్క ముక్క కోసం కూలి మానుకుని, బస్సెక్కి, కోర్టు వరండాలో గుమాస్తా కోసం పడిగాపులు కాసిన మనుషులు వాళ్లు. అందుకే ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలని నా తపన.

వాయిదా తేదీ ఒక్కటే అయితే ఇంతగా చెప్పను. తేదీ మీద నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు ముక్కల్లో కనిపిస్తుంది. ఒక పెద్దాయన వేరే చోట నడుస్తున్న తన పంపకాల దావా ఎందుకు కదలడం లేదో కనుక్కోమని వచ్చాడు. అక్కడికక్కడే ఫోన్లో తీసి చూపించాను. వరుసగా మూడు వాయిదాల్లోనూ ఒకటే మాట, బత్తా కట్టలేదని.

"అంటే ఏంటమ్మా?"

"అవతలివాళ్లకి సమన్లు పంపడానికి మీ తరఫున కోర్టులో కట్టాల్సిన డబ్బు, పెదనాన్నగారూ. అది కట్టకపోతే సమన్లు వెళ్లవు."

"జడ్జిగారు సెలవులో ఉన్నారని మా ప్లీడరు చెప్పారు గదమ్మా!"

ఆయనకి నేను వేరే జవాబు చెప్పనక్కర్లేకపోయింది. తన కేసు ఎక్కడ ఆగిందో, ఎవరి వల్ల ఆగిందో తెలిసిపోయింది. మర్నాడే వెళ్లి బత్తా కట్టించాడు.

ఇదంతా ఒక్క రోజులో వచ్చింది కాదు. ఈకోర్ట్స్ పథకం 2007లో మొదలైంది. తొలి విడతలో కోర్టులకు కంప్యూటర్లు వచ్చాయి. 2015లో మొదలైన రెండో విడతలో కేసుల వివరాలు జనానికి మరింత అందుబాటులోకొచ్చాయి. మూడో విడతకు 2023లో కేంద్రం 7,210 కోట్ల రూపాయలు కేటాయించింది. అందులో పెద్ద వాటా, రెండు వేల కోట్లకు పైగా, పాత రికార్డుల్ని స్కాన్ చేసి భద్రపరచడానికే. రికార్డు గదిలో చెదలు పట్టి పొడైపోతున్న కట్టల్ని చూసినవాళ్లకు ఆ ఖర్చు విలువ తెలుస్తుంది. అరవై ఏళ్ల నాటి పంపకాల డిక్రీ కాగితం పోతే ఆ కుటుంబం హక్కు రుజువు చేసుకోవడం ఎంత కష్టమో నేను చూశాను.

ఇక ఈ-ఫైలింగ్, అంటే కేసును ఆన్‌లైన్లో దాఖలు చేయడం. ప్లెయింటు, వకాలతు, దాఖలు చేసే పత్రాలు స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కిస్తాం. డిజిటల్ సంతకం గానీ ఆధార్ ఈ-సైన్ గానీ పెడతాం, కోర్టు ఫీజు కూడా అక్కడే కడతాం. తప్పులుంటే అభ్యంతరాలు రాసి తిప్పి పంపేదీ అందులోనే. కక్షిదారు తన కేసు తనే వేసుకోవచ్చు, ప్లీడర్లకే రాసిచ్చిన సౌకర్యం కాదిది. ఇంట్లో కంప్యూటరు లేకపోతే కోర్టుల్లో ఈ-సేవా కేంద్రాలున్నాయి. మా దగ్గర మాత్రం దీనితోపాటు కాగితం కట్ట కూడా ఇస్తూనే ఉన్నాం. ఒకే పని రెండుసార్లు చేయడం జూనియర్లకు భారమే. అది త్వరలోనే తప్పాలి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. సైట్లోంచి దించుకున్న తీర్పు చదువుకోవడానికే, అది సర్టిఫైడ్ కాపీ కాదు. అప్పీలు వేయాలంటే కాపీ అప్లికేషన్ పెట్టాల్సిందే. సివిల్ డిక్రీ మీద జిల్లా కోర్టుకు వెళ్లడానికి 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు గడువు. కాపీ తయారు కావడానికి పట్టిన రోజుల్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ఆ లెక్కలోంచి మినహాయిస్తుంది. ఆ కాపీ మీద దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు ఇచ్చారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది అని తేదీలుంటాయి. మీ గడువుకు ఆ తేదీలే ఆధారం. తీర్పు ఫోన్లో ఉంది గదా అని అప్లికేషన్ పెట్టకుండా ఊరుకుంటే నష్టపోయేది మీరే.

కొరతలు లేకపోలేదు. సైట్లో ఉత్తర్వులు దొరుకుతాయి గానీ ప్లెయింటు, అవతలివాళ్ల జవాబు, సాక్షుల వాంగ్మూలాలు ఊరికే కనిపించవు. ఊరందరికీ కనిపించాలని నేననను, కుటుంబాల గుట్లు ఉంటాయి వాటిలో. కానీ కేసులో ఉన్న మనిషికి తన కాగితాలు తన ఫోన్లో తెరుచుకోవాలి. ఇంకొకటి, దొరికే ఉత్తర్వులు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగులోకి వస్తున్నాయి. మా రైతుకు అంతకన్నా ముందు కావలసింది తన గట్టు కేసులో జూనియర్ సివిల్ జడ్జిగారి తీర్పు తెలుగులో.

కేసు వేసేటప్పుడు ఫారంలో కక్షిదారు మొబైల్ నంబరుకు ఒక గడి ఉంటుంది. దానికే వాయిదాల మెసేజీలు వస్తాయి. కొందరు ప్లీడర్లు ఆ గడిలో తమ నంబరే వేసేస్తారు, మెసేజీ ఆఫీసులోనే ఆగిపోతుంది. వకాలతు మీద సంతకం పెట్టే రోజునే ఆ గడిలో మీ నంబరు వేయమని అడగండి, కేసుకు నంబరు పడగానే సీఎన్ఆర్ రాయించుకోండి. అడిగితే కాదనే హక్కు ఏ ప్లీడరుకూ లేదు.