బండి ఆగిన చోట సంక

1733లో ఇంగ్లండులో డెవన్‌షైర్ డ్యూక్ పిల్లల కోసం విలియం కెంట్ ఒక బుల్లి బండి తయారుచేశాడు. ఆల్చిప్ప ఆకారంలో కూర్చునే చోటు, లాగడానికి మేకో పొట్టి గుర్రమో. వందేళ్ల తర్వాత వెనకనుంచి మనిషే నెట్టే పిడి వచ్చింది. విక్టోరియా రాణి కూడా కొనడంతో గొప్పిళ్లలో అది తప్పనిసరైంది. నెట్టేది ఆయా, తిరిగేది చదునైన తోట బాటల్లో. బరువెంతైనా ఎవరికీ పట్టలేదు.

1889లో బాల్టిమోర్‌కు చెందిన నల్లజాతి ఆవిష్కర్త విలియం రిచర్డ్‌సన్ తొట్టిని తిప్పి, బిడ్డ ముఖం తల్లివైపు ఉండేలా చేశాడు. సంకనెక్కిన బిడ్డకు అది మొదటినుంచీ ఉన్న సుఖమే.

ఇక చక్రం సంగతి. దారిలో 4 సెంటీమీటర్ల రాయి అడ్డం వచ్చిందనుకోండి. 15 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రాన్ని దాని మీదికి ఎక్కించాలంటే, ఆ చక్రం మోస్తున్న బరువుకు దాదాపు రెండింతల బలంతో నెట్టాలి. వ్యాసం 30 సెంటీమీటర్లయితే ఆ బరువంత బలం చాలు. అందుకే పెద్ద చక్రాలు, వాటికి వెడల్పు చట్రం, ఆపైన స్ప్రింగులు. చివరికి ఖాళీ బండే పది కిలోలు దాటుతుంది.

బెంగళూరులో కొలువు చేసేవాళ్లు పండక్కి అలాంటి బండిని కారు డిక్కీలో మడకశిర తెస్తారు. కంకర తేలిన వీధిలో, కాలువ మీది బండల దగ్గర అది ఆగుతుంది. అక్కణ్ణుంచి అవ్వ సంకే దిక్కు.

అగళి నుంచో రొళ్ల నుంచో వచ్చి హిందూపురం బస్సెక్కే తల్లిని చూడండి. ఎడమ సంకన బిడ్డ, భుజాన సంచి. కుడిచేత్తో కమ్మీ పట్టుకొని ఒక్క ఊపున ఎత్తైన మెట్టెక్కుతుంది. బిడ్డ ఆమె నడుముకు అటొక కాలు ఇటొక కాలు వేసి, రవిక గుప్పిట పట్టుకొని ఉంటుంది. ఆ భంగిమలో తొడ ఎముక గుండ్రటి తల తుంటి గుంటలో సరిగ్గా కూర్చుంటుంది. కాళ్లు చాపి బిగించి చుట్టిపెడితే ఆ కీలు తప్పే ప్రమాదం పెరుగుతుంది.

చేతులతో ఎత్తుకొని నడవడం మాత్రం శ్రమే. గుడ్డతో కట్టుకున్నప్పటికంటే సుమారు 16 శాతం ఎక్కువ శక్తి ఖర్చవుతుందని 2007లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. పాత చీరను భుజం మీదుగా జోలె కట్టడం వెనకున్న లెక్క ఇదే.

బండి చేసేవాళ్లలో బరువు బాధ అర్థమైనవాడు ఓవెన్ మెక్లారెన్. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజినీరు. పసిబిడ్డతో వచ్చిన కూతురు బరువైన బండితో పడే అవస్థ చూసి, గొడుగులా మడిచే అల్యూమినియం బండిని రూపొందించి 1965లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. బరువు మూడు కిలోల లోపే! పిల్లబండి చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన మలుపు ఇదే. బస్సెక్కే తల్లి ఒంటిచేత్తో మోయగలిగిన బండి అది.

కవలలున్న తల్లికి, ఆపరేషనై బరువెత్తకూడని తల్లికి బండి అవసరమే. వాళ్లకోసం వీధులు చదునుగా ఉంచడం ఊరి పాలకుల బాధ్యత.

ఎత్తుకోవడంలోనూ జాగ్రత్తలున్నాయి. మెడ నిలవని పసికందును జోలెలో వేస్తే గడ్డం ఛాతీకి ఆని ఊపిరాడకపోవచ్చు. ముఖం ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. బైకు మీద సంక అసలు పనికిరాదు. 2022లో కేంద్రం ప్రకటించిన నిబంధన ప్రకారం నాలుగేళ్ల లోపు బిడ్డను నడిపేవారితో కలిపి బెల్టుతో కట్టాలి, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ పెట్టాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు.