చాళ్ళ నడుమ సమాలోచన

మందు ఎప్పుడు కొట్టవలెను? నీరు ఎంత వాడవలెను? ఏ పంట వేయవలెను? నల్లరేగడి సీమలో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన వారెవరు?

గుంటూరునుండి ఒంగోలువైపు సాగు జాతీయ రహదారికి ఇరువైపుల, చిలకలూరిపేట చుట్టును కనుచూపు మేర పరచుకొనియున్న నల్లరేగడి భూములు, పత్తిని, మిరపను, పొగాకును పండించి, జిన్నింగు మిల్లులకును, నూలు మిల్లులకును, గుంటూరు మిర్చి యార్డునకును పని కల్పించి, ఈ సీమకు ఎంత కలిమిని తెచ్చినవో, వానిని నమ్ముకొన్న సేద్యగాని గడపకు అంత అప్పును కూడ తెచ్చినవి. తొలకరిలో విత్తనపు పొట్లము కొన్ననాటినుండి చివరి తీత తీయించువరకు ఆ సేద్యగాడు చేయవలసిన నిర్ణయములు అనేకములు. వానిలో ఏ ఒక్కటి తప్పినను ఆ నష్టము పూర్తిగా అతనిదే. అయినను ఆ నిర్ణయములలో ఎన్నింటిని అతడు తన కన్నులతో చూచి, తన వ్రేళ్ళతో లెక్కించి, తనవంటి పదిమందితో తర్కించి చేయుచున్నాడని విచారించినచో, మిగులునవి మిక్కిలి స్వల్పము. నిర్ణయఫలమును అనుభవించువాడు ఆ నిర్ణయమునకు దారితీసిన ఆలోచనలో కూడ కూర్చుండవలెననుట ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచిన విషయము. ఇది వినుటకు సులభమైన మాట. ఆచరణకు తెచ్చుటకు బడి మారవలెను, కచేరీ మారవలెను, మిల్లు కూడ మారవలెను.

కొట్టు అరుగుమీది సలహా

"ఏమండీ, పైముడత వచ్చింది, ఏం కొట్టమంటారు?" అని రైతు అడుగుటయు, అరలోని డబ్బా తీసి బల్లమీద పెట్టి "ఇది కొట్టు, దీంతోపాటు ఇదీ కలుపు" అని పురుగుమందుల వర్తకుడు చెప్పుటయు ఈ ప్రాంతమున నిత్యము వినబడు సంభాషణము. వర్తకుని నిందించి ప్రయోజనము లేదు. పంట చేతికి వచ్చువరకు ఎరువును, మందును అరువిచ్చువాడు అతడే. అప్పు ఎక్కడ పుట్టునో సలహా కూడ అక్కడనే పుట్టుట లోకసహజము. చేనును చూడని సలహా, చేనును చూచిన రైతుపై అధికారము చెలాయించుటయే ఇందలి అసలు దోషము.

ఈ దోషమునకు ఈ నేల చెల్లించిన మూల్యము మరువరానిది. 1980ల ఆరంభమున పత్తిచేలలోనికి వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు మొదట అద్భుతములుగా తోచి, పిదప మేలుచేయు కీటకములను హతమార్చి, తెల్లదోమ విపరీతముగా వృద్ధిపొందుటకు దారితీసినవి. శనగపచ్చ పురుగు ఆ మందులను తట్టుకొనుట నేర్చినది. 1987–88 పంటకాలమున గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతు కొట్టినకొలది పురుగు పెరుగుటయే కాక, పురుగు పెరిగినకొలది అప్పు పెరిగి, పలువురు తమ ప్రాణములనే తీసికొనిరి. ఇటీవల 2021–22లో మిరపను కబళించిన నల్ల తామరపురుగు ముందును ఇదే దృశ్యము: రకరకముల మందులు కలిపి కొట్టుట, ఫలితము కానక మరల కొట్టుట, తుదకు చేనునే దున్నివేయుట.

చెప్పుటకును తేల్చుకొనుటకును భేదము

ప్రభుత్వము చెప్పలేదా? చెప్పినది. ప్రపంచబ్యాంకు ప్రోత్సాహముతో దేశమంతట నడచిన 'శిక్షణ–సందర్శన' పద్ధతి ప్రకారము పరిశోధనా కేంద్రమునుండి అధికారికి, అధికారినుండి ఎంపికయైన రైతుకు, అతనినుండి ఊరికి, పక్షమునకు ఒకమారు సందేశము దిగవలెను. ఆ సందేశములు సామాన్యముగా సత్యములే. కాని విన్న సత్యము నిర్ణయముగా మారుటకు వినికిడి ఒక్కటియే చాలదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో కర్ట్ లెవిన్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు చేసిన పరీక్ష ఈ సంగతిని తేటపరచినది. మాంసము కొరతగా నున్న ఆ దినములలో, గృహిణులు తాము అంతవరకు వండని గుండె, మూత్రపిండము వంటి భాగములను వండునట్లు చేయవలసి వచ్చినది. కొన్ని బృందములకు చక్కని ఉపన్యాసము వినిపించిరి. మరికొన్ని బృందములను కూర్చుండబెట్టి, తమ ఇంటిలో వచ్చు చిక్కులను తామే చర్చించుకొననిచ్చి, తుదకు చేయదలచినవారు చేయెత్తవలసినదిగా కోరిరి. ఉపన్యాసము విన్నవారిలో 3 శాతము మాత్రమే కొత్త వంటకము వండగా, చర్చించి తేల్చుకొన్నవారిలో 32 శాతము వండిరి. తెలిసిన విషయము రెండు బృందములకును ఒక్కటియే. మార్పు వచ్చినది మాటాడినచోట, తోటివారి సమక్షమున తానే నిర్ణయించుకొన్నచోట. బ్రెజిలు విద్యావేత్త పాలో ఫ్రేరీ అటుపిమ్మట విద్యాశాస్త్రమున పరమసత్యముగా చాటినది కూడ ఇదే: గురువు నింపుటకును శిష్యుడు నిండుటకును పరిమితమైన చదువు మనిషిని స్వతంత్రుని చేయజాలదు.

వరిచేనున పుట్టిన బడి

ఈ సత్యము సేద్యమునకు చేరినది ఇండొనేషియా వరిచేలద్వారా. మందులు విచ్చలవిడిగా చల్లినందున సుడిదోమ విజృంభించగా, 1986లో ఆ దేశాధ్యక్షుడు సుహార్తో వరిపై 57 రకముల మందులను నిషేధించెను. నిషేధించుటతో పని తీరలేదు. మందు లేక చేనును కాపాడు జ్ఞానము రైతుకు కావలసియుండెను. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో అక్కడ రైతు క్షేత్ర పాఠశాలలు ఆరంభమైనవి. ఆ సంస్థయే ఐరోపా సంఘపు నిధులతో ఆ పద్ధతిని ఆసియాలోని ఆరు దేశముల పత్తి సేద్యమునకు విస్తరింపజేయగా, వానిలో భారతదేశమును ఒకటి. ఆంధ్రదేశమున దీనికి స్థిరపడిన పేరు 'పొలంబడి'.

పొలంబడి ఎట్లు నడచునో ఒకింత దగ్గరనుండి చూడవలెను. విత్తినది మొదలు తీతవరకు వారమున కొకమారు, ఉదయపు చల్లనివేళ, ఇరువదియైదు ముప్పదిమంది రైతులు ఒక చేనికి చేరుదురు. అయిదు జట్లుగా విడిపోయి, చాళ్ళలోనికి దిగి, ఒక్కొక్క జట్టు అక్కడొకటి ఇక్కడొకటిగా ఎంచుకొన్న మొక్కల ముందు వంగి, పైఆకు, నడిమి ఆకు, క్రిందిఆకు త్రిప్పి చూచి, పచ్చదోమ ఎన్ని, తెల్లదోమ ఎన్ని, గూడ ఎంత రాలినది, అక్షింతల పురుగు కనబడినదా, సాలీడు కలదా అని లెక్కించి వ్రాసికొందురు. పిదప చెట్టునీడకు వచ్చి పెద్ద కాగితము పరచి, నడుమ మొక్క బొమ్మ గీచి, ఒకవైపు శత్రుపురుగులను, మరొకవైపు మిత్రపురుగులను, పైన ఎండయో మబ్బో, క్రింద నేల తేమయో చిత్రింతురు. అక్షరము రానివాడు కూడ ఈ పటమును చదువగలడు. ఒక్కొక్క జట్టునుండి ఒకరు లేచి తాము చూచినది చెప్పి, ఈ వారము ఏమి చేయవలెనో ప్రతిపాదింపగా, తక్కిన జట్లవారు "ఎందుకు?" అని ప్రశ్నింతురు. ఆకునకు రెండు పచ్చదోమలు దాటనప్పుడు మందేల? మబ్బుపట్టియున్నది, రేపు వాన కురిసినచో ఏమగును? వాదమై, ప్రతివాదమై, తుదకు ఒక తీర్మానమగును.

ఈ సభలో అధికారి పాత్ర విచిత్రమైనది. "సార్, ఇదేం పురుగు?" అని అడిగినవానికి అతడు పేరు చెప్పడు, "ఎక్కడ దొరికింది? ఏం చేస్తుండగా చూశావు? ఇంకా ఏం కనబడింది?" అని తిరిగి అడుగును. ఆ పురుగును పేనుబంక పట్టిన రెమ్మతో కూడ సీసాలో వేసి, పలుచని గుడ్డ కట్టి, మరునాడు చూడుమనును. మరునాటికి పేనుబంక తరిగిపోయియుండును. ఆ రైతు ఇక అక్షింతల పురుగు పిల్లను చూచి మందుడబ్బాకై పరుగెత్తడు. శాస్త్రజ్ఞుడు చెప్పినందున కాక, తాను చూచినందున. ఒక చాలులో గూడను చేతితో కొంత గిల్లివేసి, పక్క చాలుతో పోల్చి, పత్తిమొక్క ఆ నష్టమును ఎంతవరకు తానే పూడ్చుకొనునో కొలుచు ప్రయోగము కూడ పాఠ్యక్రమములోనిదే. ఇది విద్యయు, పరిశోధనయు, నిర్ణయమును ఒక్కచోట కలిసిన బడి.

స్త్రీలు వ్రాసిన లెక్క

తానే లెక్కించుటకు గల శక్తి ఎంతటిదో 2003 పంటకాలమున ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పత్తి గ్రామములలో జరిగిన అధ్యయనమొకటి చూపినది. 50 మంది స్త్రీలు, ప్రతి పిచికారీ తరువాత తమకును, తమ ఇంటి పురుషులకును కలిగిన తలనొప్పిని, కండ్లమంటను, వాంతిని, వణుకును తామే గుర్తించి నమోదు చేసిరి. నమోదైన 323 సందర్భములలో 83.6 శాతమున స్వల్పమునుండి తీవ్రమువరకు విషప్రభావ లక్షణములు కనబడినవి. ఆసుపత్రి పుస్తకములకు ఎన్నడును ఎక్కని బాధ ఇది. మందు కలిపి అందించునది, నీరు మోయునది స్త్రీయే యైనను, మందు కొనవలెనా వద్దా అను మాటలో ఆమెకు చోటు లేదు. పెన్సిలు ఆమె చేతికి ఇచ్చిన తరువాతనే ఆ బాధ ఒక ప్రమాణమైనది.

బావినీటిని పంచుకొన్న తీరు

చీడపీడలకే ఈ పద్ధతి పరిమితము కాదు. ప్రకాశం మొదలుకొని ఏడు కరవు జిల్లాలలో, 2003 తరువాత ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో నడచిన రైతుల భూగర్భజల నిర్వహణ పథకమున, గ్రామస్థులే వానకొలత పాత్రను చూచి, ఎంచుకొన్న బావులలో నీటిమట్టమును క్రమముగా కొలిచి, గోడమీద వ్రాసిరి. రబీకి ముందు అందరు కూడి, భూమిలో ఎంత నీరున్నది, తాము వేయదలచిన పంటలకు ఎంత కావలెను అని జమాఖర్చు కట్టిరి. లోటు తేలినప్పుడు ఎవరికిని ఉత్తర్వు లేదు, జరిమానా లేదు, నిషేధము లేదు. లెక్క అందరి ఎదుట ఉండుటయే చాలినది. పలువురు వరిని తగ్గించి ఆరుతడి పంటలకు మరలిరి. ప్రపంచబ్యాంకు 2010లో వెలువరించిన భారత భూగర్భజల నివేదికలో ఈ ప్రయత్నమునకు ప్రత్యేకస్థానము లభించినది.

దీనికి ప్రక్కనే మరియొక అనుభవమును ఉంచి చూడవలెను. 1997లో రాష్ట్రము నీటిపారుదల వ్యవస్థలను రైతులకు అప్పగించు చట్టము చేసి, ఒక్క యేటనే పదివేలకు పైగా నీటివినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపెను. నాగార్జునసాగర్ కుడికాలువ క్రింద కూడ సంఘములు ఏర్పడినవి. కాని కాలువకు నీరు ఎప్పుడు, ఎంత వదలవలెనను మూలనిర్ణయము యథాపూర్వముగా పైననే ఉండిపోయినందున, పలుచోట్ల సంఘము గుత్తపనులకే పరిమితమైనది. సంఘమును చట్టము నిలబెట్టగలదు. ఆలోచించు అలవాటును మాత్రము వారము వారము కూర్చుండి పెంచుకొనవలసినదే.

మిల్లులోనికి ఈ మాట

చేనుదాటి గణపవరము, చిలకలూరిపేటల నూలు మిల్లులకు వచ్చినను ధర్మమొక్కటే. 1948లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధన అమెరికాలోని వర్జీనియాలో, నిద్రదుస్తులు కుట్టు హార్వుడ్ కర్మాగారమున జరిగినది. పనివిధానమును మార్చవలసి రాగా, ఒక జట్టునకు మార్పును కేవలము తెలియజేసిరి; మరియొక జట్టు ప్రతినిధులద్వారా పాల్గొనెను; మిగిలిన రెండు జట్లలో ప్రతి కార్మికురాలును కొత్త పద్ధతిని రూపొందించుటలో పాల్గొనెను. మొదటి జట్టులో 40 దినములలో 17 శాతము పని విడిచిపోగా, ఉత్పత్తి తిరిగి కోలుకొనలేదు; అందరు పాల్గొన్న జట్లు త్వరలోనే పూర్వపు మట్టమును చేరి, దానిని మించినవి. కొత్త యంత్రమును దించు యజమానియు, కొత్త పథకమును దించు ప్రభుత్వమును ఈ ఫలితమును గోడకు వ్రాసికొనదగును.

అసలు కష్టము సంస్థలలోనిదే. పొలంబడిని రైతు త్వరగానే నేర్చును. సమాధానము తెలిసియు ప్రశ్నతో బదులిచ్చు ఓర్పు అధికారికి నేర్పుట కష్టము. ఎన్ని సభలు జరిపితివి, ఎంతమంది సంతకములు తెచ్చితివి అని పైనుండి అడుగు శాఖ, క్రింద మాత్రము రైతును స్వతంత్రముగా ఆలోచింపజేయుమనుట పొసగదు. తన లోపల సంభాషణ లేని సంస్థ వెలుపల సంభాషణ నెరపజాలదు.

మినహాయింపులు, బాకీలు

ఈ పద్ధతికి విమర్శ లేకపోలేదు, దానిని దాచుట న్యాయము కాదు. 2004లో ఇండొనేషియాపై వెలువడిన ఫెడర్ ప్రభృతుల ఆర్థిక పరిశోధన, బడిలో చదివినవారి దిగుబడి గాని, మందుల వాడుక గాని చెప్పుకొనదగినంత మారలేదనియు, వారి విద్య ఇరుగుపొరుగునకు వ్యాపించలేదనియు తేల్చినది. మంచి బడులు వేరు ఫలితములిచ్చినట్లు చూపిన అధ్యయనములును కలవు. నా దృష్టిలో ఇది పద్ధతిని విడుచుటకు కారణము కాదు; సంఖ్యకొరకు బడులను విస్తరించినప్పుడు సంభాషణ మరల ఉపన్యాసముగా దిగజారుననుటకు హెచ్చరిక.

రెండవ లోపము మనది. ఈ మైదానమున పత్తి, మిరప పండించువారిలో కౌలుదారులు మిక్కుటము. పాసుపుస్తకము యజమానిది, చెమట కౌలుదారునిది. 2011 నాటి చట్టమును, సాగుదారు హక్కుల పత్రములకై వచ్చిన 2019 నాటి చట్టమును ఉండియు, బ్యాంకు అప్పు దొరకక కొట్టు అరువుమీద బ్రదుకు కౌలుదారు, చెట్టునీడన ఎంత చక్కని తీర్మానము చేసినను, అరువిచ్చినవాడు ఇచ్చిన డబ్బానే కొట్టవలసివచ్చును. ఆలోచించు స్వేచ్ఛ అప్పు చెరలో నున్నవానికి సగమే స్వేచ్ఛ.

ఈ సీమకు సామూహిక నిర్ణయము కొత్త కాదు. 1922 ఆరంభమున పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వమున పెదనందిపాడు ఫిర్కా రైతులు ఊరూర కూడి పన్ను నిరాకరించిరి, 1930లలో ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతులకై ప్రత్యేక విద్యాలయమునే నెలకొల్పిరి. నేటికిని శివరాత్రికి కోటప్పకొండ ప్రభను ఎంత ఎత్తున కట్టవలెనో, చందా ఎవరెంత వేయవలెనో ఊరు కూర్చుండియే తేల్చును. రాష్ట్రమున మహిళా సంఘముల ఆధారముగా సాగుచున్న ప్రకృతి వ్యవసాయోద్యమము, రైతే రైతుకు నేర్పు పద్ధతిన నడచుచు 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారమును పంచుకొన్నది. బీజము మన నేలలోనే ఉన్నది.

కావలసినది ఏమన: ఊరూర నెలకొన్న రైతు సేవా కేంద్రము ఎరువుబస్తాల గిడ్డంగిగా మిగులక వారమున కొక దినము పొలంబడి సభ కావలెను, ఆ సభ పట్టికలో పట్టాదారు పేరుకు ముందు కౌలుదారు పేరును, కూలికి పోవు స్త్రీ పేరును ఎక్కవలెను, కూలిపోగొట్టుకొని రాలేనివారికై వేళ మారవలెను, సభ చేసిన తీర్మానము బ్యాంకు అధికారి ముందును, పరిశోధనా కేంద్రము ముందును విలువగల పత్రముగా చెల్లవలెను, అధికారి పనితనమును అతడు చెప్పిన సలహాల సంఖ్యచే గాక, అతడు లేనప్పుడు కూడ ఆ సభ నడచినదా లేదా అను దానిచే కొలువవలెను. ఇందులో కోట్ల వ్యయము లేదు. అధికారమును పంచుకొను మనస్సు కావలెను. ఆ మనస్సు కలిగిననాడు ఈ సీమ కౌలురైతు మందు కొనవలెనో మానవలెనో ఎవరిని అడుగనక్కరలేదు. అతడు తన చేనుముందు, తనవారిముందు నిలిచి, తన లెక్క చూపి, కారణము చెప్పి, తానే తేల్చుకొనగలడు. స్వరాజ్యమనుమాటకు సేద్యపు నేలమీద ఇంతకన్న వేరు అర్థము లేదు.