‘మన దగ్గర ఎన్ని కంప్యూటర్లున్నాయ్‌?’.. జవాబు చెప్పగలిగితే ఉద్యోగమే!

బీటెక్‌ అంటే కోడింగ్‌, కోడింగ్‌ అంటే ప్యాకేజీ.. క్యాంపస్‌లో వినిపించే లెక్క ఇదే. కానీ 20 మందితో మొదలై 150 మందికి పెరిగిన ఏ కంపెనీని చూసినా ఒక తలనొప్పి కనిపిస్తుంది. కంప్యూటర్లు, మెయిళ్లు, ఫైళ్లు, పాస్‌వర్డులు తలో చోట ఉంటాయి. వాటన్నింటినీ ఒక పద్ధతిలోకి తెచ్చేవాళ్లు కావాలి. ఆ పని ఎలా ఉంటుంది, దానికి ఏం నేర్చుకోవాలి? నా అనుభవం నుంచే చెబుతా.

2019. ఉద్యోగంలో చేరి మూడో నెల. తేదీ 18, రాత్రి ఎనిమిదవుతోంది. ఆసుపత్రులకు వైద్య పరికరాలు సరఫరా చేసే కంపెనీ మాది, హైదరాబాద్‌లో. బ్యాగు సర్దుకుంటుంటే అకౌంట్స్‌ మేడమ్‌ నుంచి ఫోన్‌. ‘బాబూ, నా సిస్టమ్‌ ఆన్‌ అవ్వట్లేదు. లోపల టిక్‌టిక్‌మంటోంది, ఒకసారి వస్తావా?’

వెళ్లి చూస్తే హార్డ్‌డిస్క్‌ పోయింది. కంపెనీ ట్యాలీ డేటా మొత్తం దాంట్లోనే ఉంది. 20వ తేదీకల్లా జీఎస్‌టీఆర్‌-3బీ వేయాలి. ‘రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్‌ తీస్తున్నాలే’ అన్నారు మేడమ్‌ ధైర్యంగా. నిజమే, రోజూ తీశారు. కానీ అది తెరుచుకుంటుందో లేదో ఒక్కరోజూ ఎవరూ చూడలేదు. పెట్టి చూస్తే సరిగ్గా ఉన్న చివరి కాపీ ఐదు నెలల కిందటిది! ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌ నిండిపోయింది. మిగతావన్నీ సగంలో ఆగిపోయిన ఫైళ్లే.

నలుగురం కూర్చుని బిల్లుల కాగితాలు చూస్తూ మళ్లీ ఎంట్రీలు కొట్టాం. అయినా రిటర్న్‌ ఆలస్యమైంది. కంపెనీ లేట్‌ ఫీజు, వడ్డీ కట్టింది. మొత్తం లెక్కలు సరిచేసేసరికి నెల దాటింది. ‘తప్పు నాదే’ అని మేడమ్‌ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తప్పు ఆవిడది కాదు. కంపెనీ ప్రాణం లాంటి డేటాని ఒక మనిషి బల్ల కింద పెట్టి, ఆ బాధ్యతా ఆవిడ మీదే వదిలేసిన పద్ధతిది.

మర్నాడు ఎండీ గారు అందరినీ పిలిచి ఒకటే అడిగారు. ‘అసలు మన దగ్గర ఎన్ని కంప్యూటర్లున్నాయ్‌? దేంట్లో ఏముంది?’ ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. నా అసలు ఉద్యోగం ఆ రోజే మొదలైంది.

ముందు లెక్క తేలాలి

అంతకుముందు ఎవరి ఏర్పాటు వారిదే. కొత్తవాళ్లు చేరితే దగ్గర్లోని షాపులో కంప్యూటర్‌ కొనేవాళ్లు. మెయిల్‌ కావాలంటే ఉచిత జీమెయిల్‌. వైఫై పాస్‌వర్డు గోడ మీద అంటించిన కాగితంలో. ఇరవై మంది ఉన్నప్పుడు ఇది చక్కగానే నడిచింది. వరంగల్‌, గుంటూరు బ్రాంచులు వచ్చాక మాత్రం ఒక ఫైలు కోసం మూడు ఊళ్లకి ఫోన్లు చేయాల్సొచ్చేది.

ఇలాంటప్పుడు ‘సర్వర్‌ కొనేద్దాం’ అంటారు చాలామంది. నేనూ అదే అన్నా. మా సీనియర్‌ నవ్వి, ‘ముందు ఎక్సెల్‌ షీట్‌ తెరువు తమ్ముడూ’ అన్నాడు. మూడు వారాలు బల్ల బల్లకీ తిరిగా. ఎవరి సిస్టమ్‌, ఏ విండోస్‌, లైసెన్స్‌ ఉందా, ముఖ్యమైన డేటా ఏముంది.. అన్నీ రాసుకున్నా. అకౌంట్స్‌ పుస్తకాల్లో 62 కంప్యూటర్లు ఉంటే, లెక్కిస్తే 81 తేలాయి.

అందులో 14 విండోస్‌ 7వి. దానికి మైక్రోసాఫ్ట్‌ సపోర్టు 2020 జనవరి 14తో ముగుస్తోంది. సపోర్టు ఆగితే సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. అదెంత ప్రమాదమో 2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్‌ చూపించింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్‌ మార్చిలోనే ప్యాచ్‌ ఇచ్చింది. రెండు నెలలైనా అది వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా చిక్కుకున్నాయి. లిస్టులో లేని కంప్యూటర్‌కి ప్యాచ్‌ ఎవరు వేస్తారు? ఇప్పుడూ అదే పరిస్థితి. విండోస్‌ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మేం అప్పుడు చేసిన పనే ఇప్పుడు ఎన్నో ఆఫీసుల ముందుంది.

ఆ షీట్‌లో ఇంకో విషయం బయటపడింది. కంపెనీ వెబ్‌సైట్‌ డొమైన్‌, ఎప్పుడో మానేసిన ఉద్యోగి సొంత జీమెయిల్‌ పేరు మీద ఉంది. రెన్యువల్‌ నోటీసులన్నీ ఆయనకే వెళ్తున్నాయి. ఫోన్‌ చేస్తే పాపం వెంటనే మార్చి ఇచ్చారు. ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది.

ఒక మనిషికి ఒకే ఖాతా

మీ కాలేజీ ఐడీ కార్డు గుర్తుచేసుకోండి. లైబ్రరీకీ, ల్యాబ్‌కీ, పరీక్ష హాలుకీ అదొక్కటే. కోర్సు అయిపోగానే అది చెల్లదు. ఆఫీసులో ఆ పని చేసేది డైరెక్టరీ. విండోస్‌ ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే యాక్టివ్‌ డైరెక్టరీ 2000లో విండోస్‌ 2000తో వచ్చింది. దాని క్లౌడ్‌ తోబుట్టువు అజూర్‌ ఏడీని 2023లో ఎంట్రా ఐడీ అని పేరు మార్చారు. పేరేదైనా సూత్రం ఒకటే. ఉద్యోగి ఎవరు, ఏ విభాగం, ఏం తెరవొచ్చు అన్నది ఒకేచోట ఉండాలి. చేరిన రోజు తలుపులు తెరుచుకోవాలి, మానేసిన రోజు అన్నీ మూసుకోవాలి.

ఇక్కడే నేనో పెద్ద తప్పు చేశా. డిస్పాచ్‌ విభాగంలో ఒకాయన మానేశారు. ఆ సాయంత్రమే ఆయన ఖాతా డిసేబుల్‌ చేసి, పని భలే చేశానని సంబరపడ్డా. తెల్లారేసరికి గోడౌన్‌ నుంచి ఫోన్లు. రాత్రిపూట ఆర్డర్ల జాబితా తయారుచేసి గోడౌన్‌కి పంపే ప్రోగ్రామ్‌ ఆయన ఖాతా మీదే నడుస్తోందట! ఖాతాతోపాటు అదీ ఆగిపోయింది. రెండు ఆసుపత్రులకు వెళ్లాల్సిన సామాను మధ్యాహ్నం దాకా కదల్లేదు. ‘అక్కడ ఆపరేషన్‌ ఉంది బాబూ’ అని గోడౌన్‌ ఇన్‌ఛార్జి అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. అప్పట్నుంచి రెండు నియమాలు పెట్టుకున్నా. ప్రోగ్రాములకు మనుషుల ఖాతాలు వాడకూడదు, విడిగా సర్వీస్‌ ఖాతా ఉండాలి. ఏ ఖాతా ఆపాలన్నా, దాని మీద ఏమేం నడుస్తున్నాయో ముందు చూడాలి.

మెయిల్‌ మార్చడమంటే ఇల్లు మారడమే

తర్వాత అందరి జీమెయిళ్లనీ కంపెనీ సొంత డొమైన్‌ మెయిల్‌కి మార్చాం. ఏ మెయిల్‌ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేది డీఎన్‌ఎస్‌లోని ఎంఎక్స్‌ రికార్డు. దాన్ని మార్చే ముందే టీటీఎల్‌ విలువ తగ్గించాలి. లేదంటే పాత అడ్రసు గుర్తుపెట్టుకున్న సర్వర్లు ఇంకా కొన్ని గంటలు అక్కడికే పంపుతాయి. మన పేరుతో వేరేవాళ్లు దొంగ మెయిళ్లు పంపకుండా ఎస్‌పీఎఫ్‌, డీకిమ్‌, డీమార్క్‌ పెట్టాలి. రోజుకు 5 వేలకు మించి మెయిళ్లు పంపేవాళ్లకు గూగుల్‌ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. మార్పు శనివారం రాత్రి పెట్టుకున్నాం. సోమవారం పొద్దున ‘నా పాత మెయిళ్లేవి?’ అని అడిగిన మొదటి వ్యక్తి ఎండీ గారే!

లాక్‌డౌన్‌ పెట్టిన పరీక్ష

ఫైళ్లను విభాగాలవారీగా ఒకే సర్వర్‌లోకి తెస్తున్నాం. సేల్స్‌, అకౌంట్స్‌ పూర్తయ్యాయి. కొనుగోళ్లు, సర్వీస్‌ విభాగాలు ‘మార్చి తర్వాత చూద్దాంలే’ అన్నాయి. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్‌. ఆసుపత్రుల సామాను కాబట్టి మా పని ఆగకూడదు. సర్వర్‌కి మారినవాళ్లు ఇంటి నుంచి వీపీఎన్‌తో పని మొదలుపెట్టారు. మిగతావాళ్ల కోసం పాస్‌లు తెచ్చుకుని, ఆఫీసుకొచ్చి, సీపీయూలు ఆటో ఎక్కించి ఇళ్లకు చేర్చాం. అప్పటిదాకా ‘మా కంప్యూటర్లలో వీళ్లేం చూస్తారో’ అని అనుమానించినవాళ్లే ‘మాది ఎప్పుడు మారుస్తావ్‌?’ అని అడగడం మొదలుపెట్టారు.

ఆ అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకండి. అందరి ఫైళ్లూ ఒకచోటికి వస్తే, వాటిని చూడగలిగే అధికారం అడ్మిన్‌ చేతికొస్తుంది. జీతాల షీట్‌ మనం తెరవగలం, కానీ తెరవకూడదు. తెరిస్తే అది లాగ్‌లో పడాలి. లాగ్‌లకు ఇంకో అవసరమూ ఉంది. 2022లో సెర్ట్‌-ఇన్‌ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్‌ దాడుల లాంటివి తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి.

అంతా ఒకచోటే ఉంటే..

ఒకచోటికి తేవడంలో లాభం ఉన్నట్టే ప్రమాదమూ ఉంది. 2017 జూన్‌ 27న నాట్‌పెట్యా దాడిలో షిప్పింగ్‌ దిగ్గజం మెర్స్క్‌ నెట్‌వర్క్‌ కుప్పకూలింది. వాళ్ల డొమైన్‌ కంట్రోలర్లు ఒకదానికొకటి కాపీలుగా ఉండేవి. ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందన్నది లెక్క. కానీ అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ ఊహించలేదు. చివరికి ఘానా ఆఫీసులో ఒక్కటి మిగిలింది. ఎందుకంటే దాడి సమయానికి అక్కడ కరెంటు పోయి అది ఆఫ్‌లో ఉంది! దాంట్లోని డేటాని విమానంలో తెప్పించుకుని మళ్లీ మొదలుపెట్టారు. 4 వేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లలో పది రోజుల్లో అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్‌ చేశామని ఆ కంపెనీ చైర్మన్‌ తర్వాత దావోస్‌లో చెప్పారు.

అంత పెద్ద కంపెనీని కాపాడింది కరెంటు కోత. మా అకౌంట్స్‌ మేడమ్‌కి ఆ అదృష్టం లేదు. అందుకే 3-2-1 సూత్రం బట్టీ పట్టండి. డేటాకి 3 కాపీలు, 2 రకాల స్టోరేజీల్లో, అందులో 1 ఆఫీసుకి బయట. మేం దానికి ఇంకోటి కలిపాం. ప్రతినెలా మొదటి శనివారం ఏదో ఒక బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్‌ని బ్యాకప్‌ అనం.

మీరేం నేర్చుకోవాలి?

* నెట్‌వర్కింగ్‌: ఐపీ, డీఎన్‌ఎస్‌, డీహెచ్‌సీపీ, వీపీఎన్‌. బ్రౌజర్‌లో అడ్రసు కొట్టగానే ఏం జరుగుతుందో ఐదు నిమిషాలు ఆగకుండా చెప్పగలగాలి.
* ఇంట్లోనే ల్యాబ్‌: 16 జీబీ ర్యామ్‌ ఉన్న ల్యాప్‌టాప్‌ ఉంటే హాయిగా సరిపోతుంది. వర్చువల్‌బాక్స్‌ ఉచితం. విండోస్‌ సర్వర్‌ ట్రయల్‌ 180 రోజులు వాడుకోవచ్చు. ఒక సర్వర్‌, రెండు క్లయింట్లు పెట్టి డొమైన్‌లో చేర్చండి. తర్వాత కావాలనే పాడుచేసి, బ్యాకప్‌ నుంచి తిరిగి తెప్పించండి.
* స్క్రిప్టింగ్‌: పవర్‌షెల్‌, లేదా లినక్స్‌ మీద బాష్‌. యాభై మందికి ఖాతాలు చేత్తో చేస్తే రోజు పడుతుంది, స్క్రిప్టుతో నిమిషాల పని. కోడింగ్‌ మీద ఇష్టం ఇక్కడా వృథా పోదు.
* రాయడం: మీరు చేసింది ఇంకొకరు చదివి చేసేలా రాయాలి. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు మొదట్లో భయమేసింది. చిన్న చిన్న వాక్యాలు చాలని తర్వాత అర్థమైంది.
* ఓపిక: పాస్‌వర్డు మూడోసారి మర్చిపోయిన పెద్దాయనకి విసుక్కోకుండా చెప్పడం కూడా నైపుణ్యమే.

చేరే ముందు ఇవి అడగండి

ఇందులో కష్టాలూ చెప్పాలి. మొదట్లో నా జీతం కోడింగ్‌లోకి వెళ్లిన ఫ్రెండ్స్‌ కంటే తక్కువ. సెలవు రోజుల్లో ఫోన్లు తప్పవు. అన్నీ సక్రమంగా నడిస్తే మనల్ని ఎవరూ పట్టించుకోరు. కొన్నిచోట్ల ప్రింటర్లు బాగుచేయడంతోనే ఏళ్లు గడిచిపోతాయి.

అందుకే ఇంటర్వ్యూలో ‘ఏమైనా అడగాలా?’ అన్నప్పుడు మౌనంగా ఉండకండి. ‘ఉద్యోగి మానేస్తే ఖాతాలు ఎవరు ఆపుతారు?’, ‘చివరిసారి బ్యాకప్‌ ఎప్పుడు తెరిచి చూశారు?’, ‘రాబోయే ఏడాదిలో ఏం మార్చాలనుకుంటున్నారు?’ అని అడగండి. జవాబు తడుముకుంటూ వచ్చినా, మార్చాలన్న ఆలోచన ఉంటే అక్కడ మీకు నేర్చుకునే పని దొరుకుతుంది. ఆ ఆలోచనే లేకపోతే మాత్రం రెండుసార్లు ఆలోచించుకోండి.

రెండేళ్ల తర్వాత అకౌంట్స్‌ మేడమ్‌ కంప్యూటర్‌ మళ్లీ పాడైంది. ఈసారీ 18వ తేదీకి అటూఇటూనే. స్టోర్‌లో ఉన్న వేరే సిస్టమ్‌ తెచ్చి పెట్టా. ఆవిడ తన ఖాతాతో లాగిన్‌ అయ్యారు. డేటా సర్వర్‌లోనే ఉంది కాబట్టి, టీ తాగేలోపే పనిలో పడ్డారు. ‘అంతేనా?’ అన్నారు ఆశ్చర్యంగా. ‘అంతే మేడమ్‌’ అన్నా.