తల్లిదండ్రుల ఇల్లు వేలానికి వచ్చినప్పుడు

కోస్గి పరిసరాలు మెట్ట పొలాల సీమ. పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో వుండి, 2019లో నారాయణపేట జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో వానలు మొహం చాటేస్తే అప్పు తప్పదు. బోరు కోసమో, బిడ్డ నికాహ్ కోసమో, వైద్యం కోసమో తండ్రి ఇల్లు తాకట్టు పెడతాడు. కొడుకు దూరదేశం పనికి పోతాడు. ఒకనాడు ఇంటి తలుపుకు నోటీసు అంటిస్తారు. అప్పుడా కొడుకును రెండు ప్రశ్నలు వేధిస్తాయి: తండ్రి అప్పు నేను తీర్చాలా? నా జకాత్ సొమ్ముతో తీర్చవచ్చునా?

మొదటి ప్రశ్నకు జవాబు ఇది. కొడుకు జామీను వుండకపోతే తండ్రి అప్పుకు అతడు చట్టరీత్యా బాధ్యుడు కాడు. కాని తల్లిదండ్రులు పేదలైతే, శక్తిగల సంతానంపై వారి పోషణ విధి. పోషణలో తిండి, బట్టతోపాటు నివాసం కూడా చేరుతుంది. అప్పు తీర్చే స్తోమత లేకపోయినా, వారిని వీధిన పడనీయక నీడ కల్పించడం అతని కర్తవ్యం. స్తోమత వుంటే అప్పు తీర్చడం ఇహ్సాన్. బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతు ఆదేశించిన సద్వర్తన అదే.

రెండవ ప్రశ్నలో చాలామంది పొరబడుతున్నారు. తౌబా సూరా 60వ ఆయతు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులను చేర్చింది. అయినా హనఫీ ఫిఖహ్ ప్రకారం కొడుకు తన జకాత్‌ను తల్లిదండ్రులకు ఇవ్వరాదు. వారికి అతడు స్వంత సొమ్ము నుండే ఇవ్వాలి. (అప్పు తీర్చడానికి ఇవ్వవచ్చునని ఇమామ్ ఇబ్నె తైమియా వంటి కొందరి అభిప్రాయం.) అయితే పినతండ్రి, మేనమామ, కోడలు, అల్లుడు, పొరుగువారు తమ జకాత్ ఇవ్వవచ్చును. నివసించే ఇల్లు వున్నంత మాత్రాన అర్హత పోదు. రుణగ్రస్తుని అనుమతితో అప్పులవానికే నేరుగా చెల్లించినా జకాత్ నెరవేరుతుంది.

ఇక అప్పు ఇచ్చినవారి మాట. బఖరా సూరా 280వ ఆయతు, ఇబ్బందిలో వున్న రుణగ్రస్తునికి సౌలభ్యం కలిగేవరకు గడువు ఇమ్మనీ, మాఫీ చేయడం ఇంకా మేలనీ బోధిస్తుంది. పండ్లు కొని నష్టపోయి అప్పులపాలైన ఒకరి కోసం దైవప్రవక్త (స) ప్రజలను దానం అడిగారు. అదీ చాలకపోగా, దొరికినది తీసుకొనమనీ, అంతకుమించి లేదనీ అప్పులవారితో చెప్పారు. ఇది సహీహ్ ముస్లిమ్‌లోని ఉదంతం. ఇల్లు అమ్మించే విషయంలో ఇమాములు భిన్నాభిప్రాయులు: తప్పనిసరి నివాసాన్ని అమ్మరాదని ఇమామ్ అహ్మద్, అమ్మి, అద్దె ఇంట వుంచవచ్చునని ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ.

దేశచట్టం ఇచ్చిన గడువులను కూడా విడువరాదు. తాకట్టుపై బ్యాంకు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద నోటీసు ఇస్తే, చెల్లింపుకు 60 రోజులు వుంటాయి. వ్రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. స్వాధీనానికి పూనుకున్న పిమ్మట 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు పోవచ్చు. వేలం ప్రకటన వెలువడక మునుపే బాకీ పూర్తిగా కట్టి ఇల్లు విడిపించుకోవాలి. ప్రైవేటు అప్పుపై కోర్టు డిక్రీ అయితే, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ రైతు, కూలీ నివసించే ఇంటిని జప్తు నుండి కాపాడుతుంది. తాకట్టు పెట్టిన ఇంటికి మాత్రం ఈ రక్షణ లేదు. కోర్టు వేలం జరిగిపోయినా 60 రోజుల్లోగా బాకీ, కొన్న ధరలో 5 శాతం అదనంగా జమచేసి వేలం రద్దు కోరవచ్చును. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. కనుక తల్లి పేర దరఖాస్తు పెట్టవచ్చు.

ఒక హెచ్చరిక. పాత వడ్డీ తీర్చడానికి కొత్త వడ్డీ తెచ్చేవారు ఇల్లూ, పరలోకమూ రెండూ పణం పెడుతున్నారు. దానికన్న అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని ఎవరి శక్తి ఎంతో తేల్చుకొని, అప్పులవానితో వాయిదాలు వ్రాయించుకోవడం మేలు. చాలకపోతే కొంత భూమి తామే అమ్ముకోవచ్చు. వేలంలో పలికే ధరకన్న స్వయంగా అమ్మినప్పుడు వచ్చే ధర సాధారణంగా ఎక్కువ.

హైదరాబాదు వాస్తవ్యులైన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) వడ్డీలేని రుణసంఘాల ప్రాముఖ్యాన్ని వివరించారు. ప్రతి మస్జిద్ జమాఅత్ ఒక చిన్న ఖర్జె హసనా నిధి పెట్టుకుంటే, నోటీసు అంటించిన నాడు ఆ ముసలి దంపతులు ఒంటరివారు కారు. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.