విహారనౌకలో తొలిమెట్టు సూట్: వెలకు తగిన విలువ కలదా?

పూర్వము జనులు ఒక తీరమునుండి వేరొక తీరమునకు చేరుటకై ఓడ నెక్కెడివారు. నేడు విహారనౌక నెక్కువారిలో పెక్కుమంది ఎక్కిన రేవులోనే వారము దినములకు మరల దిగుచున్నారు. చేరవలసిన చోటు వేరుగా లేదు గనుక ఓడయే వారికి ఊరు, గదియే ఇల్లు. అందుచేత ఏ గది తీసికొనవలెనను ప్రశ్న టిక్కెట్టు కొనునాడే ఎదురగును. లోపలి గది, కిటికీ గది, బాల్కనీ గది, ఆపైన సూట్ అని సామాన్యముగా నాలుగు అంతరువులుగా వెలలుండును. ఈ నాలుగవ అంతరువులో అన్నింటికంటె తక్కువ వెలగల సూట్‌ను గురించి మేమిచట ముచ్చటింప దలచితిమి.

ఇది కలవారి గొడవ యని కొందరనుకొనవచ్చును. కాని మన కుటుంబములకు దీనితో సంబంధము లేకపోలేదు. టెక్సాస్ రాష్ట్రములోని డాలస్, హ్యూస్టన్ ప్రాంతములలో తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. ఆ రాష్ట్రపు రేవుపట్టణమైన గాల్వెస్టన్‌లో రాయల్ కరీబియన్ సంస్థ 2022 నవంబరులో తన సొంత ప్రయాణికుల భవనమును ప్రారంభించినది. స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులను అటువంటి రేవులనుండి వారము దినముల విహారమునకు పంపు బిడ్డలు కలరు. షష్టిపూర్తి కానుకగా టిక్కెట్టు కొనుచు, "జీవితంలో ఒక్కసారేగదా నాన్నా, సూట్ తీసుకుందాం" అని కొడుకు అనును. "రాత్రి పడుకోడానికి అంత డబ్బెందుకురా" అని తండ్రి అనును. ఇరువురి మాటలోను న్యాయమున్నది. తేల్చుటకు కొంత చరిత్రయు, కొంత లెక్కయు కావలెను.

మొదట పేరును చూతము. 'సూట్' అను మాట ఫ్రెంచి భాషనుండి వచ్చినది. వరుసగా ఒకదాని వెంట నొకటి యుండు గదులని దాని అర్థము: కూర్చుండు గది, పడకగది వేరువేరుగా నుండవలెను. కాని 'జూనియర్ సూట్', 'మినీ సూట్' అని నేడు అమ్మబడుచున్న వానిలో అధికభాగము ఒకే గది. అందులో ఒక సోఫాయు, కొన్నింటిలో మంచమునకు సోఫాకు నడుమ ఒక తెరయు ఉండును. 2009లో యాత్రలారంభించిన 'ఒయాసిస్ ఆఫ్ ది సీస్' తరగతి ఓడలలో బాల్కనీ గది సుమారు 180 చదరపు అడుగులు; జూనియర్ సూట్ 290కి కొంచెము తక్కువ. అనగా హెచ్చు సొమ్మునకు మొదట లభించునది నూరు చదరపు అడుగులకు మించిన స్థలము. వైశాల్యము చదువునపుడు ఒక జాగ్రత్త అవసరము: కొన్ని సంస్థలు బాల్కనీని కూడ కలిపి లెక్క చెప్పును.

ఈ మెట్టు ఎందుకు పుట్టినదో తెలిసికొనుట మంచిది. 1984లో 'రాయల్ ప్రిన్సెస్' అను ఓడ వచ్చినపుడు, గదులన్నియు సముద్రమువైపున నుండుటయు, వానిలో అనేకమునకు బాల్కనీ యుండుటయు గొప్ప విశేషముగా చెప్పుకొనబడినది. 2022 జూన్‌లో విశాఖపట్టణమునుండి విహారయాత్రికులను తీసికొనిపోయిన 'ఎంప్రెస్' అను ఓడ 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అను పేర నిర్మింపబడినది. ఆ కాలపు ఓడలలో బాల్కనీ బహు స్వల్పము. పిదప కట్టిన పెద్ద ఓడలలో బాల్కనీ సామాన్యమైపోయినది. అందరికి దొరకునది గొప్పతనమునకు గుర్తుగా నిలువదు గదా. అందుచే హెచ్చు వెల పెట్టగలవారికి చూపుటకు నౌకాసంస్థలకు క్రొత్త మెట్లు కావలసివచ్చినవి.

ఓడ పెరిగినకొలది వరుసలును పెరిగినవి. 2024 జనవరిలో తొలియాత్ర చేసిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్'లో గదికి ఇద్దరి చొప్పున 5,610 మంది ప్రయాణికులకు తావున్నది. ఒక పట్టణమంత జనము ఒకే భోజనశాలల వద్ద, ఒకే మెట్ల వద్ద చేరినపుడు ఏకాంతమునకు వెల ఏర్పడును. ఓడలోనే మరియొక చిన్న ఓడవలె ప్రత్యేక భోజనశాల, విశ్రాంతిశాల, ఎండ కాగు చోటు కొద్దిమందికే కేటాయించు పద్ధతి ఈ విధముగా బలపడినది. ఎమ్మెస్సీ సంస్థ 2008లో 'ఫాంటాజియా' ఓడతో 'యాట్ క్లబ్' అను అట్టి ఆవరణను ప్రవేశపెట్టినది. నార్వీజియన్ సంస్థవారు దీనినే 'హేవెన్' అందురు. సెలబ్రిటీ సంస్థవారు 'రిట్రీట్' అందురు.

చిక్కంతయు ఇచటనే యున్నది. సూట్ అను పేరున్న ప్రతి గదికిని ఈ ఆవరణలో ప్రవేశము లేదు. నార్వీజియన్ ఓడలలో 'క్లబ్ బాల్కనీ సూట్' అని పిలువబడు గది హేవెన్‌లోనిది కాదు. ఎమ్మెస్సీవారి 'ఆరియా సూట్' తీసికొన్నవారికి యాట్ క్లబ్ తలుపు తెరువబడదు. ఇంకొక చిత్రము: అదే సంస్థకు చెందిన కొన్ని క్రొత్త ఓడలలో కిటికీయైనను లేని లోపలి గది తీసికొన్నవారికి యాట్ క్లబ్ సౌకర్యములన్నియు లభించును. రాయల్ కరీబియన్‌వారు 2016లో తమ పెద్ద ఓడల సూట్‌లకు సీ, స్కై, స్టార్ అని మూడు తరగతులు ఏర్పరచిరి. జూనియర్ సూట్ మొదటిదానిలో చేరినది. దానివారికి 'కోస్టల్ కిచెన్' అను చిన్న భోజనశాలలో రాత్రి భోజనము దొరకును. సూట్‌వారి విశ్రాంతిశాలకు మాత్రము స్కై తరగతియైనను కావలెను. 'పేరు గొప్ప ఊరు దిబ్బ' అను సామెత ఇచట పూర్తిగా చెల్లదుగాని, తలచుకొనదగినదే. గది పేరును విడిచి, ఆ గది తాళముతో ఏయే తలుపులు తెరుచుకొనునో అడుగవలెను.

ఇందుకు భిన్నముగా తొలిమెట్టుననే అన్నియు ఇచ్చు ఓడలు కలవు. 2004లో తొలియాత్ర చేసిన కునార్డ్ సంస్థ ఓడ 'క్వీన్ మేరీ 2'లో 'ప్రిన్సెస్ గ్రిల్' అనునది సూట్‌లలో మొదటిమెట్టు. దానివారికి ప్రత్యేక భోజనశాలయు, విశ్రాంతిశాలయు కలవు. సీబోర్న్, సిల్వర్‌సీ, రీజెంట్ సంస్థల విహారనౌకలలో గదులన్నియు సూట్‌లే. అక్కడ చవుక సూట్ తీసికొన్నవాడును మిగిలినవారు తిను భోజనశాలలలోనే తినును. మొత్తము వెల హెచ్చేగాని, మెట్టు తక్కువయని కోల్పోవునది స్వల్పము.

ఇక లెక్కకు వత్తము. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఓడనుబట్టి, ఋతువునుబట్టి ధరలు మారుచుండును. ఏడు రాత్రుల యాత్రకు బాల్కనీ గదిలో మనిషికి 1,400 డాలర్లు, జూనియర్ సూట్‌లో 2,000, ఆవరణలో ప్రవేశమున్న తొలి సూట్‌లో 3,000 అనుకొందము. ధరలు మనిషికి చెప్పబడును గనుక దంపతులకు రెట్టింపు చేయగా క్రమముగా 2,800, 4,000, 6,000 డాలర్లగును.

జూనియర్ సూట్‌కు హెచ్చు 1,200 డాలర్లు, అనగా రాత్రికి సుమారు 171. దానికి దొరకునది కొంత స్థలము, సాధారణముగా ఒక స్నానపుతొట్టి, కొన్ని ఓడలలో వేరు భోజనశాల. రెండవ సూట్‌కు బాల్కనీ గదికంటె హెచ్చు 3,200 డాలర్లు. దానిలో వైఫై, పానీయములు, ప్రత్యేక భోజనములు చేరియున్నవనుకొందము. మద్యము సేవించు దంపతులు వీనిని విడిగా కొన్నచో వైఫైకి 280, పానీయములకు 1,120, రెండు ప్రత్యేక విందులకు 200, మొత్తము 1,600 డాలర్లగుననుకొందము. వారికి హెచ్చు సొమ్ములో సగము తిరిగి వచ్చినట్లే. మిగిలిన సగము, రాత్రికి సుమారు 229 డాలర్లు, స్థలమునకును ఏకాంతమునకును వెల.

మన షష్టిపూర్తి దంపతులు కాఫీ, పండ్లరసము తప్ప వేరు త్రాగరు. వారి పానీయములు 140 డాలర్లు మించవు. అన్నియు కలిపి 620 మాత్రమే. మిగిలిన 2,580 డాలర్లు, రాత్రికి 369 చొప్పున, ఏకాంతమునకే చెల్లించవలెను. ఒకే సూట్ ఒకరికి సగము వెలకు వచ్చినట్లును, ఇంకొకరికి మోయలేని బరువుగాను ఉండుటకు కారణమిదే. తాము విడిగా కొననిదానిని లాభములో వ్రాసికొనరాదు. పైగా అనేక సంస్థలు సూట్‌వారివద్ద దినసరి సేవారుసుము కొంత హెచ్చుగా వసూలు చేయును. దానిని కూడ కలుపవలెను.

అంకెలకు అందని విషయములు మరికొన్ని కలవు. సూట్‌లు తరచుగా పై అంతస్తులలోను, ఓడ ముందు వెనుక కొసలలోను ఉండును. ఓడ ఊగునపుడు ఆ చోట్లనే కదలిక హెచ్చు. నడిమిభాగమున, క్రింది అంతస్తులలో తక్కువ. తలతిరుగుడు భయమున్నవారికి నడిమి బాల్కనీ గదియే సుఖము. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు స్నానపుతొట్టి అంచు దాటి లోపలికి దిగుట కష్టము, జారిన ప్రమాదము. వారికి తొట్టి సౌకర్యము కాదు, అడ్డంకి. నేలకు సమముగా షవరున్న గదిని ముందే అడిగి తీసికొనవలెను. మరొకప్రక్క, ఓడ ఎక్కునపుడు దీర్ఘమైన వరుసలో నిలువలేనివారికి సూట్‌తో వచ్చు ముందుప్రవేశము నిజమైన మేలు.

యాత్రామార్గమును కూడ చూడవలెను. మధ్యధరా సముద్రమున బార్సిలోనా, మార్సెయ్, జెనోవా వంటి రేవులు తిరుగు ఓడ ఇంచుమించు ప్రతి ఉదయము ఒక ఊర ఆగును. రోము చూడదలచినవారు చివితవెక్కియా రేవులో దిగి సుమారు 80 కిలోమీటర్లు పోయి రావలెను. అట్టి యాత్రలో గది పగలంతయు తాళము వేసి యుండును. సౌతాంప్టన్ నుండి న్యూయార్కునకు ఏడు రాత్రులు ఎచటను ఆగక పోవు 'క్వీన్ మేరీ 2'లో గదియే ప్రపంచము. అచట సూట్ విలువ హెచ్చు. గాల్వెస్టన్ నుండి కొజుమెల్ వైపు పోవు వారపు యాత్ర ఈ రెంటికి నడుమ నున్నది. దానిలో మూడు దినములవరకు సముద్రముమీదనే గడచుట సామాన్యము.

చివరి దినములలో 'మీ గదిని పెంచుకొనుటకు పాట పాడుడు' అని సంస్థలు ఉత్తరములు పంపుట కలదు. వేలము తక్కువలో వచ్చిన లాభమే. కాని పాట తరచుగా మనిషికి లెక్క, ఇద్దరికి రెట్టింపగును. గెలిచినచో మీరు కోరుకొన్న చోటు పోయి, వారిచ్చిన చోటు తీసికొనవలెను.

మా అభిప్రాయము స్పష్టముగా చెప్పెదము. ఆవరణ ప్రవేశము లేని జూనియర్ సూట్ సాధారణముగా వెలకు తగదు. గదిలో మూడవ మనిషి యుండి స్థలము నిజముగా అవసరమైనప్పుడు తగును. నలుగురు కుటుంబమునకు ఒక సూట్‌కంటె ప్రక్కప్రక్క రెండు చిన్న గదులు మేలు కావచ్చును, స్నానశాలలు రెండు దొరకును గనుక. ఆవరణ ప్రవేశమున్న తొలి సూట్, సముద్రముమీద దినములు హెచ్చుగా నుండి, అందులో చేరిన పానీయములు విందులు వినియోగించుకొనువారికి తగును. మితాహారులు, మద్యము ముట్టనివారు, రేవు రేవున దిగి ఊరు చూచువారు బాల్కనీ గదితో తృప్తిపడిన నష్టము లేదు.

కానుక ఇచ్చు బిడ్డలకు ఒక మాట. సూట్‌కు పెట్టదలచిన హెచ్చు సొమ్ములో మొదటి భాగము, సముద్రముమీద జబ్బు చేసినను, ఓడనుండి ఒడ్డునకు తరలింపవలసి వచ్చినను పనికివచ్చు భీమాకు కేటాయింపుడు. స్వదేశమునుండి వచ్చినపుడు తీసికొన్న పాలసీ అమెరికా తీరము దాటిన తరువాత చెల్లునో లేదో చదివి చూడుడు. పిదప మిగిలినదానితో ఏ గది వచ్చునో ఆ గదిని తీసికొనుడు. అరువది యేండ్లు బిడ్డలకై లెక్క చూచి బ్రదికిన తండ్రికి, తనకొరకు కూడ లెక్క చూచి కొనిన టిక్కెట్టే మనసునకు పట్టును.